ఒంటివేలి స్టీరింగూ, మత్తయి కుడిభుజమూ

మత్తయి స్టీరింగు పట్టుకుంటే కారు తిరగదు, కారు ఉన్నచోటే ఉంటుంది, భూమే తిరుగుతుంది అని అమలాపురం టాక్సీ స్టాండులో చెప్పుకునేవారు. అందులో రవ్వంత అతిశయం ఉంటే ఉండొచ్చు. కోటిపల్లి రేవులో కార్లని గోదావరి దాటించే పంటు మీదకి ఎక్కించాలంటే, ఒడ్డుకీ పంటుకీ మధ్య రెండు బల్లలు వేస్తారు. తక్కిన డ్రైవర్లు ఆ బల్లలు చూసి రెండుసార్లు దేవుణ్ణి తలుచుకుని, కిందికి దిగి జానలతో కొలుచుకుని, పెళ్ళికూతుర్ని దింపేసి, అప్పుడు ఎక్కించేవారు. మత్తయి పెళ్ళికూతురితో సహా, ఆవిడ చేతిలో పాలగ్లాసుతో సహా ఎక్కించేసేవాడు. పాలు తొణకలేదని ఒకరు, గ్లాసు అంచుదాకా నిండుగా ఉందని ఇంకొకరు, అది గ్లాసు కాదు చెంబని మూడోవారు చెప్పగా చెప్పగా, పదేళ్ళలో ఆ పాలు బిందెడయ్యాయి.

మత్తయిది అల్లవరం దగ్గర పేట. తండ్రి దానం వరిచేలల్లో కూలిపని చేసుకుంటూ కొడుకుని ఎనిమిదో తరగతిదాకా మిషను బడికి పంపాడు. తొమ్మిదో తరగతికి వెళ్ళే దారిలో ఒక లారీ ఆగింది. దానికి క్లీనరుగా ఎక్కినవాడు పన్నెండేళ్ళ తర్వాత అంబాసిడరు డ్రైవరుగా దిగాడు. కారు మాత్రం తనది కాదు. కొబ్బరికాయల వ్యాపారం చేసే కేశవరావుగారిది. అయినా ఊళ్ళో ఎవరూ కేశవరావుగారి కారు అనేవారు కాదు, మత్తయి కారనే అనేవారు. ఆ సంగతి కేశవరావుగారికి కాస్త గుచ్చుకుంటూనే ఉండేది.

ఆ రోజుల్లో స్టీరింగు తిప్పడమంటే ఏతం ఒంటిచేత్తో లాగినంత పని. కారు కదులుతుంటే పరవాలేదు, నిలబడ్డ కారు ముందు చక్రాలు తిప్పాలంటే భోజనం చేసి రావాలి. మత్తయి దండ మీద కండ లేత బొండమంత ఉండేది. చొక్కా చేతులు సగానికి కుట్టమంటే టైలరు గుడ్డ చాలదని గోల పెట్టేవాడు.

ఇక పందెం సంగతి. దసరాకి కార్లకి గుమ్మడికాయ కొట్టేవాళ్ళు కొట్టేవారు, పాస్టరుగారితో ప్రార్థన చేయించేవాళ్ళు చేయించేవారు. ఆ తర్వాత వచ్చే పున్నమినాటి మధ్యాహ్నం మాత్రం స్టాండులో అందరిదీ ఒకటే పండగ. పున్నమికి సముద్రం బాగా వెనక్కి లాగుతుంది. ఓడలరేవు దగ్గర ఇసక సిమెంటు గచ్చులా బయటపడుతుంది. సరుగుడు తోట ఎదురుగా గీత గీసి, మైలు అవతల ఒక తాటిమొద్దు పాతేవారు. ఆ మొద్దు చుట్టూ తిరిగి ఎవడు ముందు గీత దాటితే వాడిది పందెం. సూటిగా వెళ్ళడం ఎవడైనా వెళతాడు. మొద్దు దగ్గర తడి ఇసక ముందు చక్రాలని మొసలిలా పట్టుకుంటుంది. అక్కడ చేతిలో బలమున్నవాడిదే గెలుపు. కారు ఎగిరిపోకుండా పక్కసీట్లో బరువు కోసం ఒక మనిషిని కూర్చోబెట్టుకోవడం కూడా ముందునుంచీ అలవాటే.

గెలిచిన కారు బానెట్టుకి చక్కెరకేళి గెల కట్టేవారు. గెల రెండు రోజుల్లో అయిపోతుంది. ఏడాదిపాటు ఉండేది మొదటి నెంబరు. పందెం గెలిచిన కారు మళ్ళీ దసరా దాకా స్టాండులో అందరికంటే ముందు నిలబడుతుంది. పెళ్ళికైనా, పురిటికైనా, కాకినాడ ఆసుపత్రికైనా వచ్చినవాళ్ళు మొదటి కారే ఎక్కుతారు. మత్తయి వరసగా తొమ్మిదేళ్ళు ఆ మొదటి నెంబరులోనే నిలబడ్డాడు. అక్కడ నేల మీద ఆయన టైర్ల గుంటలు పడిపోయి, వానాకాలం వాటిలో చేపపిల్లలు తిరిగేవని కూడా చెపుతారు.

పదో ఏడు, అంటే ఎనభైమూడు వేసవిలో, మత్తయి కుడిభుజం పట్టేసింది.

మొదట తెలిసింది చర్చిలో. పాస్టరుగారు చేతులెత్తి స్తుతించమంటే అందరి చేతులూ రెండేసి లేచాయి, మత్తయిది ఎడమచెయ్యి ఒక్కటే లేచింది. "సగం భక్తి దేవుడు ఒప్పుకోడు మత్తయిగారూ" అన్నారు పాస్టరుగారు. రెండో చెయ్యి రొమ్ము దాటి పైకి రాలేదని మత్తయి చెప్పలేదు. భార్య సుగుణ ఒక్కదానికే చెప్పాడు. ఆవిడ ప్రాథమిక పాఠశాలలో టీచరు. ఉప్పు కాపడం పెట్టింది, ఆముదం కాచి పట్టించింది. డాక్టరుగారు చూసి, ఇది ఏడాదిన్నరకి దానంతటదే వదులుతుంది, అప్పటిదాకా బలవంతంగా ఎత్తవద్దు అన్నాడు. ఆనాటినుంచి చొక్కాకి ముందు కుడిచెయ్యి సుగుణే తొడిగేది. తల ఆవిడే దువ్వేది.

స్టాండులో మాత్రం పొక్కకుండా మత్తయి పడిన పాట్లు అన్నీ ఇన్నీ కావు. సలాము ఎడమచేత్తో పెట్టడం మొదలుపెట్టాడు. ఇరుకు వీధిలోకి రమ్మంటే, లోపల కారు తిప్పలేక, "మీది గౌరవమైన వీధండి, కారు దుమ్ము పడకూడదండి" అని మూలమీదే దింపేసేవాడు. ఆ మాటకి పొంగిపోయి, సామాన్లు నెత్తినెట్టుకుని నడిచి వెళ్ళినవాళ్ళు పదిమందైనా ఉంటారు.

పందెం ఇంకా పది రోజులుందనగా కేశవరావుగారు కొబ్బరి రాశి పక్కన మడత కుర్చీలో కూచుని కబురు పెట్టాడు.

"మత్తయ్యా, చెప్పకుండా చేసేనన్న మాట నాకొద్దు. మొదటి నెంబరు ఉన్నంతకాలం ఈ కారు నీ చేతిలో ఉంటది. అది పోయిందనుకో, అమ్మేసి కాయలేసుకోడానికి వ్యాను కొనుక్కుంటాను. వ్యాను మా బావమరిది తోలుకుంటాడు."

"ఆయ్."

"ఏంటి, ఆ చెయ్యలా ఒంటికి అతికించుకున్నావు?"

"చొక్కా కొత్తదండి. చంకలో బిగువుగా ఉందండి."

ఆ చొక్కాకి నాలుగేళ్ళు. కేశవరావుగారు చొక్కాలు చూసే మనిషి కాదు గనక సరిపోయింది.

మత్తయి దగ్గర ఒక ఉపాయం ఉంది. అంబాసిడరులో ముందు సీటు బల్లలా ఒకటే సీటు. పక్కన బరువుకి కూచునే మనిషి కాస్త జరిగితే స్టీరింగు అందుతుంది. ఆ మనిషి ఎప్పుడూ ఇశ్రాయేలే. సుగుణ తమ్ముడు. స్టాండులో నాలుగో నెంబరు డ్రైవరు. తన కారు తలుపులు కొబ్బరితాడుతో కట్టుకుని తిరిగే రకం కాబట్టి ఏనాడూ పందెంలో దిగలేదు.

"మొద్దు దగ్గరికి రాగానే నేను ఊఁ అంటాను. నువ్వు కిందనుంచి చక్రం లాగు" అన్నాడు మత్తయి.

"అలాగే బావగారూ. మరి ఎవరైనా చూస్తేనో?"

"మైలు దూరంలో ఎవడికి కనపడతాది?"

అలా ఆ గుట్టు ముగ్గురి మధ్యా ఉండిపోయింది. ఉండిపోయేదే, బుచ్చిరాజుగారి బండి రాకపోతే.

బుచ్చిరాజుగారు రాజోలు వైపు పెద్ద రైతు. ఆయనకి ఎన్ని ఎకరాలంటే, పెళ్ళిళ్ళలో రెండు వందలనీ, రెవెన్యూవాళ్ళు వస్తే ఇరవై అనీ చెప్పేవాడు. నేలలో చమురు కోసం బోర్లు వేయడానికి వచ్చిన విదేశీ దొరలు వెళ్ళిపోతూ అమ్మేసిన బండిని ఆయన కొన్నాడు. జీపుకీ ఏనుక్కీ పెళ్ళి చేస్తే పుట్టినట్టుండేది. దానికి పవరు స్టీరింగు. ఇంజను ఆడుతుంటే నూనె ఒత్తిడితో చక్రాలు తిరుగుతాయి, మనిషి ఊరికే దారి చూపిస్తే చాలు. దాని డ్రైవరు అప్పలరాజుకి ముప్పై ఏళ్ళు కూడా లేవు. చలవ కళ్ళద్దాలు తీసేది స్నానానికీ నిద్రకే.

అప్పలరాజు ఆ బండిని స్టాండు ఎదుట సూరమ్మ టీ కొట్టు దగ్గర ఆపి, ఇంజను ఆపకుండా దిగి, "ఈసారి పందెంలో మా రాజుగారి బండి కూడా ఉందండోయ్" అన్నాడు. ఆపైన సూరమ్మని పిలిచి సీట్లో కూర్చోబెట్టాడు. ఆవిడ ఒక చేత్తో టీ గ్లాసు పట్టుకునే, రెండో చేతి వేలితో బురదలో ఆ చక్రాలని ఇటూ అటూ తిప్పేసింది.

"అమ్మో! మా ఇంట్లో పొత్రమే దీనికంటే బరువండి" అంది సూరమ్మ.

స్టాండంతా గుమిగూడింది. ఇలాంటి తగువు తీర్చే మనిషి ఒక్కరే. కనకరత్నంగారు. ఆయన బ్రేకు ఇనస్పెక్టరుగారి ఆఫీసులో ముప్పై ఏళ్ళు ఎటెండరుగా చేసి రిటైరయ్యాడు. మోటారు చట్టం పుస్తకం మోసినవాడే తప్ప చదివినవాడు కాదు గాని, మోసిన బరువు మీద ఆయనకి ఆ చట్టమంతా వచ్చేసిందని అందరి నమ్మకం. "మాజీ ఎటెండరు" అని సొంత డబ్బులతో రబ్బరు స్టాంపు కూడా చేయించుకున్నాడు. ఆయన బల్ల మీద కూచుని చెవిలోంచి పెన్సిలు తీశాడు.

"పవరు స్టీరింగున్న బండి పందెంలో ఉండొచ్చా కూడదా. చెప్పండి."

అప్పలరాజే ముందు అందుకున్నాడు. "ఎందుకుండకూడదండి? బ్రేకుల్లో నూనె సాయం కాదాండి? లైట్లు సాయం కాదాండి? కళ్ళజోడెట్టుకుని పరీక్ష రాసినవాడికి మార్కులు తగ్గిస్తున్నారాండి? మా బండికి తేలిక స్టీరింగుందని తోలేవాణ్ణి చచ్చుదద్దమ్మంటే ఎలాగండి?"

కొందరు తలలూపారు. మత్తయికి ఒళ్ళు మండింది. ఈ బండి పందెంలోకి వస్తే ఇశ్రాయేలు కాదు గదా, పన్నెండుమంది అపొస్తలులొచ్చి లాగినా మొదటి నెంబరు దక్కదని తెలుసు. అదొక్కటే అయితే ఊరుకునేవాడేమో. ఇరవై ఏళ్ళు ఆ చక్రం పట్టుకుని తెలుసుకున్నదాన్ని ఎవడో కళ్ళద్దాలవాడు ఒక వేలితో కొట్టేస్తున్నాడు.

"కళ్ళజోడు అక్షరం చూపిస్తదండి, జవాబు రాసిపెట్టదు" అన్నాడు. "ఇసకలో చక్రం ఎందుకు బరువెక్కుతాదండి? ఇసక మాటాడతాదండి. ఇక్కడ గట్టిగా ఉన్నాను, ఇక్కడ మెత్తగా ఉన్నాను, ఇటు రాకు అని. ఆ మాట ముంజేతికి వినపడతాది. ఈ బండి స్టీరింగు ఆ మాట మధ్యలోనే మింగేస్తాదండి. ఇక తోలేవాడు చెవిటివాడే కదండి."

"మీకంత బాగా వినపడుతుంటే మా చెవిటి బండంటే భయమెందుకండి మత్తయిగారూ?"

"భయం కాదు అప్పలరాజుగారూ. పడవల పందెంలో ఒకడికి తెడ్డిచ్చి, ఒకడికి మోటారిచ్చి, ఇద్దరూ నీళ్ళమీదే వెళ్ళేరు కదా అంటే ఒప్పుకుంటారా?"

"అదీ మాట!" అన్నారు డ్రైవర్లంతా. సూరమ్మ కూడా అంది, సీట్లోంచి దిగకుండానే.

అక్కడ ఆగితే మత్తయి బతికిపోయేవాడు. పొగడ్త వినపడ్డాక ఆగిన మనిషి కోనసీమలో లేడు.

"పందెమంటే మనిషి తన రెక్కలతో తోలాలండి. సాయమన్నది ఏ రూపంలోనూ ఉండకూడదండి."

కనకరత్నంగారు పెన్సిలు నాలిక మీద రాసుకున్నాడు. "ఏ రూపంలోనూ అంటావా?"

"ఏ రూపంలోనూ అండి."

అప్పలరాజు కళ్ళద్దాలు తీశాడు. అంత పని జరిగిందంటేనే మత్తయికి అనుమానం రావలసింది.

"మరి పక్క సీట్లో కూచునే బరువు మనిషి ఏ రూపమండి?"

ఇశ్రాయేలు బావ వంక చూశాడు. బావ గ్లాసులోకి చూశాడు.

కనకరత్నంగారు తీర్పు రాసేశాడు. పవరు స్టీరింగు కూడదు. పక్కన మనిషి కూడదు. సెల్ఫు స్టార్టరు కూడా సాయమే గనక, ఎవడి బండి వాడు ఎదర హ్యాండిలు కొట్టి స్టార్టు చేసుకుని ఎక్కవలసింది. కింద స్టాంపు కొట్టాడు. మత్తయి గెలిచాడని అందరూ వీపు తట్టారు. కుడిభుజం మీదే తట్టారు. ప్రతి తట్టుకీ ఆయన నవ్వవలసి వచ్చింది.

ఇంటికి వచ్చేసరికి సంగతి సుగుణకి ముందే తెలిసిపోయింది. మత్తయి పీట మీద కూచున్నాడు. ఆవిడ దువ్వెన తీసింది.

"గెలిచేరంట కదా."

"ఊరంతా అదే అంటంది."

"మీ నోట్లో ఉన్న బలం భుజంలో ఉంటే ఎంత బాగుండును."

"నే చెప్పింది అబద్ధం కాదు సుగుణా."

"నిజమే చెప్పేరు. నిజం చెప్పేముందు అది ఎవరి పీకకి చుట్టుకుంటాదో చూసుకోవాలి కదండీ. రేపు కనకరత్నంగారికి చెప్పేయండి, భుజం బాగోలేదు, ఈ ఏడు దిగనని."

"చెపితే సాయంత్రానికి కేశవరావుగారికి తెలిసిపోద్ది."

"చెప్పకపోతే పున్నమికి తెలుస్తాది."

"పున్నమికి ఇంకా ఎనిమిది రోజులుంది" అన్నాడు మత్తయి.

సుగుణ పాపిడి తీసి ఊరుకుంది. ముప్పై ఐదుమంది పిల్లలకి రోజూ చెప్పేది కాబట్టి, చెపితే వినేదెవరో విననిదెవరో ఆవిడకి తెలుసు.

పున్నమినాడు ఓడలరేవులో ఎంత జనమంటే, సముద్రానికి నిలబడ్డానికి చోటు చాలక వెనక్కి జరిగిందన్నారు. తొమ్మిది కార్లు గీత మీద నిలబడ్డాయి. పక్కన కూచునే పని పోయింది కాబట్టి తొమ్మిదోది ఇశ్రాయేలుది. తాడు తలుపులతోనే వచ్చింది. కేశవరావుగారు గొడుగు వేసుకుని మడత కుర్చీ తెచ్చుకున్నాడు. బుచ్చిరాజుగారు పందెంలోకి రానివ్వని ఆ బండిలోనే కూచుని చూడడానికి వచ్చాడు. అప్పలరాజు దాని బానెట్టు మీద కూచుని వేరుశనక్కాయలు ఒలుచుకుంటున్నాడు.

కనకరత్నంగారు ఎర్ర తువ్వాలు ఊపాడు. అందరూ కారు ఎదరకి పరిగెత్తి హ్యాండిలు కొట్టారు. మత్తయి ఎడమచేత్తో కొట్టాడు. పొద్దున్నే చర్చి వెనకాల నలభైసార్లు అలా కొట్టి చూసుకున్నాడు గనక రెండో దెబ్బకే అందుకుంది.

"అదేంటండి, పుర్రచెయ్యా?" అని అప్పలరాజు అరిచాడు గాని అప్పటికే ఇంజన్ల మోతలో ఆ మాట కలిసిపోయింది.

సూటిదారిలో మత్తయిని పట్టుకున్నవాడు లేడు. సగం దూరానికే రెండు కార్ల ఎడం వచ్చింది. తాటిమొద్దు పెరుగుతూ పెరుగుతూ దగ్గరికొచ్చింది. ఆయన ఆలోచన ఆయనకుంది. మొద్దుకి చేరువగా కోయకుండా, సముద్రం వైపు వెడల్పుగా తిరగాలి. ఎడమచేత్తో చక్రం లాగి, జారిపోకుండా మోకాలితో అదిమి, మళ్ళీ లాగాలి. ఒకసారి లాగాడు. మోకాలు అదిమింది. రెండోసారి లాగుతుంటే కింద ఇసక మారింది. మెత్తబడింది. ఆ సంగతి చక్రంలోంచి ముంజేతికి స్పష్టంగా వచ్చింది, ఇటు రాకు, లోపలికి తిప్పు అని. ముంజెయ్యి విన్నది. భుజం చెయ్యలేదు.

కారు మొద్దుని దాటి, తడి ఇసక దాటి, నురగ దాటి, రంగూన్ వెళ్ళడానికి టిక్కెట్టు కొనుక్కున్నట్టు సముద్రంలోకి నడిచింది. నీళ్ళు బానెట్టు కిందకి రాగానే ఇంజను ఒక తుమ్ము తుమ్మి ఆగిపోయింది.

వెనకొస్తున్నవాళ్ళు ఆ వింత చూడ్డానికి ఒకడి తర్వాత ఒకడు ఆపేశారు. ఆగనివాడు ఇశ్రాయేలు ఒక్కడే. బావ మునుగుతున్నాడని బ్రేకు తొక్కాడు పాపం, ఆ బ్రేకు నిలబడేది కాదు. కారు అలాగే మొద్దు చుట్టూ తిరిగి, ఏడుస్తున్న డ్రైవరుతో సహా వెళ్ళి గీత దాటేసింది. చక్కెరకేళి గెల ఆ తాడు తలుపుల కారుకే కట్టవలసి వచ్చింది.

ఈలోగా సముద్రం మళ్ళీ పొంగడం మొదలుపెట్టింది. నలభైమంది దిగి తోశారు. తోసినకొద్దీ చక్రాలు దిగబడ్డాయి. "నా కారు! నా కారు!" అని కేశవరావుగారు గొడుగుతో కెరటాల్ని అదిలిస్తున్నాడు. తొమ్మిదేళ్ళలో అది ఆయన కారని అందరికీ తెలిసింది ఆనాడే.

"అప్పలరాజూ, లాగరా" అన్నాడు బుచ్చిరాజుగారు.

వలల తాడు తెచ్చి రెండు బళ్ళకీ కట్టారు. అంబాసిడరు స్టీరింగు దగ్గర, గెల వదిలేసి పరిగెత్తుకొచ్చిన ఇశ్రాయేలు కూచున్నాడు. అప్పలరాజు కళ్ళద్దాలు సర్దుకుని ఒక్కసారిగా యాక్సిలరేటరు తొక్కాడు. విదేశీ బండి గర్జించింది. స్టీరింగు వేలితో ఇటు తిరిగింది, అటు తిరిగింది. బండి మాత్రం ఎటూ తిరగలేదు. ఇసక తవ్వుకుంటూ ఇరుసుదాకా కూచుంది. కిందేముందో తెలియక అప్పలరాజు ఇంకా తొక్కాడు. ఇంకా కూచుంది. ఒక కెరటం వచ్చి వెనక టైరు ముట్టుకుని వెళ్ళింది.

మత్తయి మోకాళ్ళదాకా నీళ్ళలో నడుచుకుంటూ వచ్చాడు. "రాజుగారండీ, నన్నోసారి కూచోనివ్వండి."

"ఇందాకే ఒకదానికి స్నానం చేయించేరు, దీనిక్కూడానా అండి?" అన్నాడు అప్పలరాజు.

"నువ్వు దిగు" అన్నాడు బుచ్చిరాజుగారు. ఇంకో కెరటం వచ్చింది మరి.

మత్తయి మొదట నాలుగు టైర్లలోనూ గాలి సగం తీయించాడు. ఇసక తవ్వించి, చక్రాల కింద కొబ్బరిమట్టలు పరిపించాడు. చెప్పులు విప్పేసి సీటెక్కి, ఎడమచెయ్యి చక్రం మీద పెట్టాడు. తను అన్నట్టే ఉంది. చక్రంలో మాటా పలుకూ లేదు. పడుకున్నవాడి చెయ్యి పట్టుకున్నట్టుంది. మాట చేతికి రాకపోతే ఇంకెక్కడికి వస్తుందా అని ఉత్తి అరికాళ్ళు నేలకి ఆనించాడు. ఒళ్ళంతా సీటుకి వదిలేశాడు. రెండో గేరులో క్లచ్చు వెంట్రుకవాసి చొప్పున వదులుతుంటే, అరికాలి కింద మట్టలు చిటపటమన్నాయి, నడుం కింద ఇసక గట్టిబడింది. అప్పుడు ఎడమచేతి చూపుడు వేలితో చక్రాన్ని ఇంత అటు తోశాడు. భుజం ఉందో లేదో కూడా గుర్తు రాలేదు.

బండి పైకెక్కింది. తాడు బిగిసింది. వెనకాల అంబాసిడరు, మడుగులోంచి లేచిన గేదెలా ఒళ్ళంతా కారుతూ ఒడ్డుకొచ్చింది. జనం వేసిన ఈలలు అంతర్వేదిలో వినపడ్డాయంటారు.

ఈలలన్నీ అయ్యాక కేశవరావుగారు కిటికీ దగ్గరికొచ్చి లోపలికి చూశాడు. మత్తయి ఎడమచెయ్యి చక్రం మీద ఉంది. కుడిచెయ్యి ఒళ్ళో పడుకుని ఉంది.

"మత్తయ్యా, ఆ చెయ్యి ఎత్తు."

"రాదండి."

"ఎప్పట్నించి?"

"వేసవి నించండి."

"చొక్కా బిగువన్నావు కదయ్యా."

"ఆయ్" అన్నాడు మత్తయి.

కేశవరావుగారు చేసిందేదో చెప్పినట్టే చేశాడు. కారు వారం రోజులు ఎండబెట్టి అమ్మేశాడు. వ్యాను కొన్నాడు, బావమరిది ఎక్కాడు. తిట్టలేదు, బతిమాలించుకోలేదు. స్టాండులో మొదటి నెంబరులో తాడు తలుపుల కారు నిలబడింది. ఇశ్రాయేలు నెలరోజులు అక్కకి మొహం చూపించలేదు.

మత్తయి ఇంట్లో కూచున్నది పద్దెనిమిది రోజులు. పంతొమ్మిదోనాడు రాజోలు నుంచి కబురొచ్చింది. అప్పలరాజుని ట్రాక్టరు మీదకి మార్చేశాననీ, బండికి మనిషి కావాలనీ.

"ఈ స్టీరింగు మీద నువ్వు మహా ప్రసంగం చేసేవంట కదా" అన్నాడు బుచ్చిరాజుగారు.

"చేసేనండి."

"ఇప్పుడేమంటావు?"

"అది చెవిటిదేనండి. నేను అరికాళ్ళతో వింటానండి."

మరుసటి దసరాకి సూరమ్మ కొట్టు దగ్గర మళ్ళీ సభ పెట్టారు. మత్తయి విదేశీ బండిలో వచ్చి, చుట్టూ తిరిగి, ఎవరూ పెట్టలేని ఇరుకులో ఒక వేలితో పెట్టి దిగాడు. ఇంక రూలు మార్చేద్దాం, పవరు స్టీరింగు రానిద్దాం అన్నారు కుర్రడ్రైవర్లు. ఎలాగూ ఆ బండి ఇప్పుడు మత్తయిదే, ఆయనకే లాభం అనుకున్నారు. కనకరత్నంగారు పెన్సిలు తీసి ఆయన వంక చూశాడు.

"వద్దండి" అన్నాడు మత్తయి.

"ఏంటయ్యా వద్దు? నీ బండేగా!"

"అందుకేనండి చెపుతున్నాను. దీన్నిస్తే చెయ్యి రానోడు కూడా గెలిచేస్తాడండి. నేనే గెలిచేస్తానండి."

"గెలిస్తే మంచిదే కదయ్యా?"

"మంచిదేనండి. పందెం కాదు మరి."

ట్రాక్టరు దిగి టీ తాగుతున్న అప్పలరాజు, ఈ మనిషికి వైద్యం భుజానికి కాదు, తలకి చేయించాలన్నాడు. రూలు మారలేదు. ఆ పున్నమికి ఓడలరేవుకి తాటిమొద్దునీ, చక్కెరకేళి గెలనీ, కనకరత్నంగారినీ మోసుకెళ్ళింది మత్తయి తోలిన ఆ బండే. పందెం అయ్యేదాకా సరుగుడు నీడలో ఆగి ఉంది.

డాక్టరుగారు చెప్పినట్టే ఏడాదిన్నరకి భుజం వదిలింది. ఆ క్రిస్మస్‌కి చర్చిలో మత్తయి చేతులు రెండూ పైకి లేచాయి. ఎంత పైకంటే పంకా రెక్కకి తగిలేవే, పాస్టరుగారు చప్పున స్విచ్చి కట్టేశారు. చొక్కా తనే తొడుక్కుంటున్నాడు. తల మాత్రం ఇప్పటికీ సుగుణే దువ్వుతోంది. ఆ సాయం కూడునో కూడదో కనకరత్నంగారిని ఎవరూ అడగలేదు.